బాడెన్-వుర్టెంబెర్గ్ 2011: 58 ఏళ్ల తర్వాత ప్రభుత్వం మారిన ఎన్నిక, తరచుగా అడిగే ప్రశ్నలు

స్టుట్‌గార్ట్‌కి కొత్తగా చదువుకోడానికో ఉద్యోగానికో వచ్చిన మన పిల్లలు నన్ను తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంది: "ఇది కార్ల ఊరు కదా అక్కా, మరి ఇక్కడ గ్రీన్ పార్టీ ఎలా గెలిచింది?" దానికి జవాబు మొదలుపెడితే ఇంకో పది ప్రశ్నలు పుడతాయి. ప్రతిసారీ విడివిడిగా చెప్పే బదులు అన్నీ ఒకచోట రాసి పెడుతున్నాను.

అసలు ఇది ఏ ఎన్నిక? ఇన్నేళ్ల తర్వాత కూడా ఎందుకు మాట్లాడుకుంటున్నారు?

2011 మార్చి 27న జరిగిన బాడెన్-వుర్టెంబెర్గ్ రాష్ట్ర ఎన్నిక. జర్మనీలో నైరుతి మూలన ఉన్న ఈ రాష్ట్రానికి రాజధాని స్టుట్‌గార్ట్. జనాభా కోటికి పైనే. మెర్సిడెస్, పోర్షె, బాష్ కంపెనీలకు పుట్టిల్లు ఇది. సాఫ్ట్‌వేర్ వాళ్లకి బాగా తెలిసిన సాప్ కంపెనీ ఉన్న వాల్‌డార్ఫ్ కూడా ఈ రాష్ట్రంలోదే. ఇలాంటి చోట 1953 నుంచి ముఖ్యమంత్రి పదవి సంప్రదాయవాద పార్టీ అయిన సీడీయూ చేయి దాటి పోలేదు. 58 ఏళ్ల తర్వాత ఆ ఎన్నికలో దాటింది. అది కూడా ప్రధాన ప్రతిపక్షమైన సోషల్ డెమొక్రాట్ల పార్టీ ఎస్‌పీడీకి కాకుండా, పర్యావరణ పార్టీ అయిన గ్రీన్స్‌కి దక్కింది. జర్మనీలో ఒక రాష్ట్రానికి గ్రీన్స్ ముఖ్యమంత్రి రావడం అదే మొదటిసారి.

58 ఏళ్లు ఒకే పార్టీ ఎలా నిలబడింది?

ఈ రాష్ట్రం 1952లో మూడు చిన్న రాష్ట్రాల విలీనంతో ఏర్పడింది. మొదటి ముఖ్యమంత్రి రైన్‌హోల్డ్ మాయర్ ఉదారవాద పార్టీ మనిషి. ఆయన తర్వాత 1953లో సీడీయూ నుంచి గెబ్‌హార్డ్ ముల్లర్ వచ్చారు. అక్కడి నుంచి కొన్నిసార్లు ఒంటరిగా, కొన్నిసార్లు ఎస్‌పీడీతో, 1996 తర్వాత ఉదారవాదుల పార్టీ ఎఫ్‌డీపీతో కలిసి వరసగా ఆ పార్టీయే పాలించింది. పల్లెల్లో చర్చితో అనుబంధం, ఊరూరా చిన్న ఫ్యాక్టరీలు, చేతినిండా పని ఉండటంతో జనానికి మార్చాలన్న అవసరం కనిపించలేదు. పార్టీ బాగా నడిపిందన్నది కూడా నిజం, కాదనలేం.

స్టుట్‌గార్ట్ 21 అంటే ఏమిటి?

రైల్వే స్టేషన్ ప్రాజెక్ట్. స్టుట్‌గార్ట్ ప్రధాన స్టేషన్‌లో పట్టాలు వచ్చి ఆగిపోతాయి. లోపలికి వచ్చిన రైలు మళ్లీ వచ్చిన దారినే వెనక్కి పోవాలి. నాంపల్లి స్టేషన్ చూసినవాళ్లకి వెంటనే అర్థమవుతుంది. ఈ 16 లైన్ల స్టేషన్‌ని తీసేసి, నేల కింద 8 లైన్లతో, రైలు ఒక వైపు వచ్చి రెండో వైపు వెళ్లిపోయేలా కొత్త స్టేషన్ కట్టాలన్నది ప్లాన్. పైన ఖాళీ అయ్యే సుమారు 100 హెక్టార్ల స్థలం నగరానికి వస్తుంది.

వ్యతిరేకించినవాళ్ల వాదనలు ఒకటి కాదు, చాలా. ఖర్చు ఎక్కువ, 16 లైన్లు చేసే పని 8 లైన్లు చేయలేవు, పాల్ బొనాట్స్ కట్టిన పాత భవనం రెక్కలు కూలుతాయి, పక్కనున్న ష్లాస్‌గార్టెన్ పార్కులో పెద్ద చెట్లు పోతాయి, ఆ చెట్ల తొర్రల్లో చట్టం కాపాడుతున్న ఒక జాతి పురుగులున్నాయి. 2010 ఆగస్టులో భవనం ఉత్తరపు రెక్క కూల్చడం మొదలయ్యాక నిరసన బాగా పెరిగింది. ప్రతి సోమవారం ఊరేగింపు. రోజూ సాయంత్రం సరిగ్గా 7 గంటలకి ఎక్కడున్నవాళ్లు అక్కడే ఒక నిమిషం పాటు గిన్నెలు, ఈలలు, బాకాలు, ఏది చేతికొస్తే దానితో మోత మోగించేవాళ్లు. "పైనే ఉందాం" అన్నది వాళ్ల నినాదం. స్టేషన్‌ని నేల కిందికి దించొద్దని అర్థం.

పక్కా సీడీయూ ఓటర్లు కూడా ఈ ఊరేగింపుల్లో నడిచారు. కోటు, టై వేసుకున్న పెద్దమనుషులు, రిటైరైన ఇంజనీర్లు, టీచర్లు వచ్చారు. నా దృష్టిలో ఈ ఎన్నిక అసలు కథ అక్కడే మొదలైంది. ఏళ్ల తరబడి ప్రభుత్వానికి ఓటేసినవాళ్లకి, మన మాట ఎవరూ వినడం లేదన్న బాధ పుట్టింది.

2010 సెప్టెంబర్ 30న ఏం జరిగింది?

ఆ రోజుని ఇక్కడ "నల్ల గురువారం" అంటారు. పార్కులో చెట్లు కొట్టడానికి పోలీసులు వచ్చారు. అదే రోజు స్కూలు పిల్లల నిరసన కూడా ఉంది. వాటర్ కెనన్లు, పెప్పర్ స్ప్రే వాడారు. వంద మందికి పైగా గాయపడ్డారు. 66 ఏళ్ల రిటైర్డ్ ఇంజనీర్ ఒకాయనకి నీటి దెబ్బ నేరుగా కళ్లకి తగిలి చూపు దాదాపు పోయింది. ఇద్దరు మనుషులు ఆయన్ని రెక్కలు పట్టుకుని నడిపిస్తుంటే, కళ్ల నుంచి నెత్తురు కారుతున్న ఆ ఫొటో దేశమంతా చూసింది. ఆ అర్ధరాత్రి దాటాక చెట్లు కొట్టేశారు.

అప్పటి ముఖ్యమంత్రి స్టెఫాన్ మాపుస్. గ్యుంటర్ ఎట్టింగర్ యూరోపియన్ కమిషన్‌కి వెళ్లడంతో 2010 ఫిబ్రవరిలోనే పదవిలోకి వచ్చారు. గట్టి మనిషన్న పేరుంది. ఆ గట్టితనమే ఆ రోజు ఆయన మెడకి చుట్టుకుంది. తర్వాత హైనర్ గైస్లర్ అనే సీనియర్ సీడీయూ నాయకుణ్ని మధ్యవర్తిగా పెట్టారు. రెండు పక్షాలూ మ్యాపులు, లెక్కలు ముందు పెట్టుకుని వాదించుకుంటుంటే టీవీలో లైవ్ ఇచ్చారు. కొన్ని మార్పులతో కట్టొచ్చని నవంబర్ 30న గైస్లర్ తేల్చారు. వేడి కొంత తగ్గింది కానీ నమ్మకం తిరిగి రాలేదు. అయిదేళ్ల తర్వాత, 2015లో, ఆనాటి పోలీసు చర్య చట్టవిరుద్ధమని కోర్టు తీర్పిచ్చింది.

ఫుకుషిమా వల్లే గ్రీన్స్ గెలిచారని అంటారు. నిజమా?

సగం నిజం. స్టేషన్ గొడవ ఉధృతంగా ఉన్న 2010 చివర్లోనే సర్వేల్లో గ్రీన్స్ 30 శాతం దాటారు. తర్వాత తగ్గారు. 2011 మార్చి 11న జపాన్‌లో భూకంపం, సునామీ, వాటి వెంట అణు ప్రమాదం. ఎన్నికకి సరిగ్గా 16 రోజులుంది.

ఒక విషయం చాలామందికి తెలియదు. మార్చి 12న నెకర్‌వెస్ట్‌హైమ్ అణు కేంద్రం నుంచి స్టుట్‌గార్ట్ దాకా 45 కిలోమీటర్ల మానవ హారం జరిగింది. సుమారు 60 వేల మంది చేతులు పట్టుకుని నిలబడ్డారు. అది జపాన్ వార్త విని పెట్టుకున్నది కాదు. అణు కేంద్రాల ఆయుష్షు పెంచుతూ 2010లో తెచ్చిన చట్టానికి వ్యతిరేకంగా ఎప్పుడో ప్లాన్ చేసింది. సరిగ్గా వాళ్లు వరసగా నిలబడిన రోజే ఫుకుషిమాలో మొదటి పేలుడు వార్త వచ్చింది.

ఆయుష్షు పెంచాల్సిందేనని అందరికన్నా గట్టిగా పట్టుబట్టినవాళ్లలో మాపుస్ ఒకరు. మార్చి 14న ఛాన్సలర్ ఏంజెలా మెర్కెల్ ఆ పెంపుకి మూడు నెలల విరామం ప్రకటించారు. పాత రియాక్టర్లు ఆగిపోయాయి. ఈ రాష్ట్రంలోని నెకర్‌వెస్ట్‌హైమ్ 1, ఫిలిప్స్‌బుర్గ్ 1 అందులో ఉన్నాయి. నిన్నటిదాకా సురక్షితం అన్నవాళ్లే రాత్రికి రాత్రి ఆపేస్తామంటే ఓటరు ఎలా నమ్ముతాడు? ఓట్ల కోసమే అనుకున్నారు. అణు విద్యుత్ వద్దని మొదటి నుంచీ అంటున్న పార్టీ ఎవరన్న ప్రశ్నకి ఒక్కటే జవాబు.

ఫలితాలు ఏమిటి? పెద్ద పార్టీ ఎలా ఓడింది?

సీడీయూకి 39 శాతం, గ్రీన్స్‌కి 24.2, ఎస్‌పీడీకి 23.1, ఎఫ్‌డీపీకి 5.3. సీట్లలో వరసగా 60, 36, 35, 7. మొత్తం 138, మెజారిటీకి 70. గ్రీన్స్, ఎస్‌పీడీ కలిస్తే 71. సీడీయూ, ఎఫ్‌డీపీ కలిస్తే 67. అంతే తేడా.

ఇంకో లెక్క చూడండి. 2006తో పోలిస్తే సీడీయూకి దాదాపు 2 లక్షల ఓట్లు పెరిగాయి. అయినా ఓడింది. ఎందుకంటే పోలింగ్ 53.4 శాతం నుంచి 66.3 శాతానికి ఎగబాకింది. అయిదేళ్ల కింద ఇంట్లో కూర్చున్నవాళ్లు ఈసారి లేచి వచ్చారు, వచ్చినవాళ్లలో ఎక్కువమంది మార్పుకి వేశారు. ఎఫ్‌డీపీ ఓటు 10.7 నుంచి సగానికి పడిపోవడం కూడా సీడీయూని ముంచింది. ఎంత పెద్ద పార్టీ అయినా జతగాడు కూలితే ఇబ్బందే.

ఎస్‌పీడీ కన్నా గ్రీన్స్‌కి సుమారు 50 వేల ఓట్లే ఎక్కువ. అవి అటు పడి ఉంటే ఎస్‌పీడీ నాయకుడు నిల్స్ ష్మిడ్ ముఖ్యమంత్రి అయ్యేవారు. ఈ పేజీ రాయాల్సిన పనే ఉండేది కాదు.

ఇక్కడ గవర్నర్ ఎవరు? ఎవరిని పిలవాలో ఎవరు నిర్ణయిస్తారు?

గవర్నరే లేరు. మనవాళ్లకి ఇది వింతగా ఉంటుంది. కొత్త అసెంబ్లీ, దాన్ని లాండ్‌టాగ్ అంటారు, ముఖ్యమంత్రిని రహస్య ఓటింగ్‌తో తానే ఎన్నుకుంటుంది. మొత్తం సభ్యుల్లో మెజారిటీ రావాలి. ఆ తర్వాత మంత్రివర్గానికి కూడా సభ ఆమోదం కావాలి. సభ మొదటిసారి కూర్చున్న మూడు నెలల్లోపు ప్రభుత్వం ఏర్పడకపోతే సభే రద్దవుతుంది, మళ్లీ ఎన్నికలు. అప్పటిదాకా పాత ప్రభుత్వమే రోజువారీ పని చూస్తుంది.

71 మందితో, కావాల్సినదానికన్నా ఒక్క సీటే ఎక్కువతో, రహస్య ఓటింగ్ అంటే మన దగ్గర ఎంత టెన్షన్! ఎమ్మెల్యేలని బస్సులెక్కించి హోటళ్లకి తరలిస్తారు. ఇక్కడ అలాంటిదేమీ జరగలేదు. వారాల తరబడి కూర్చుని ఒప్పందం రాసుకున్నారు, మే 9న సంతకాలు చేశారు, మే 12న ఓటింగ్ పెట్టారు. గ్రీన్స్ నాయకుడు విన్‌ఫ్రీడ్ క్రెచ్‌మన్‌కి 73 ఓట్లు వచ్చాయి. తమ కూటమి కన్నా రెండు ఎక్కువ. అవతలి పక్షంలో ఎవరో ఇద్దరు ఆయనకి వేశారు. ఎవరన్నది బయటికి రాలేదు.

ఓట్లు ఎలా వేస్తారు? యంత్రాలున్నాయా?

లేవు, కాగితమే. 2011లో ఒక్కొక్కరికీ ఒకటే ఓటు. 70 నియోజకవర్గాలు. ఆ ఒక్క ఓటే అభ్యర్థికీ లెక్కలోకి వచ్చేది, రాష్ట్రమంతా పార్టీకీ వచ్చేది. 5 శాతం దాటని పార్టీకి సీట్లుండవు. పార్టీలకి ముందే రాసిపెట్టిన జాబితా ఉండేది కాదు. ఓడినా మంచి ఓట్లు తెచ్చుకున్న అభ్యర్థులకే మిగతా సీట్లు వెళ్లేవి. ఈ పద్ధతిని తర్వాత మార్చారు. ఇప్పుడు రెండు ఓట్లు, 16 ఏళ్లు నిండితే ఓటు హక్కు.

లెక్కింపుని ఎవరైనా వెళ్లి చూడొచ్చు. 2016లో మా వీధి చివరి స్కూల్లో నేను చూశాను. ఆరు గంటలకి తలుపు మూయలేదు, ఓటింగ్ మాత్రం ఆపేశారు. పిల్లల బల్లలు నాలుగు కలిపి దాని మీద పెట్టె బోర్లించారు. నాకు ఆశ్చర్యం వేసింది, పోలీసు ఒక్కడూ లేడు. ఒక పెద్దావిడ, ఇద్దరు కాలేజీ పిల్లలు, ఇంకో నలుగురు, మడతలు విప్పి పార్టీవారీగా దొంతరలు పెట్టారు. పది పది చేసి అడ్డంగా, నిలువుగా పేర్చారు. ఒక కాగితం మీద గుర్తు గడి గీత మీద పడింది. ఏడుగురూ దాని మీదికి వంగి చూసి, మాట్లాడుకుని, పక్కన పెట్టి, ఎందుకు పెట్టామో రాసుకున్నారు. ఓటు హక్కు లేని నేను గోడ పక్క కుర్చీలో కూర్చున్నాను. ఎవరూ ఎందుకొచ్చావని అడగలేదు.

అయితే మన భారతీయులకి ఓటు లేదా?

లేదు. రాష్ట్ర ఎన్నికలో జర్మన్ పౌరులకే ఓటు. యూరోపియన్ యూనియన్ దేశాలవాళ్లకి నగర, గ్రామ స్థాయి ఎన్నికలో ఉంది కానీ, రాష్ట్ర ఎన్నికలో వాళ్లకీ లేదు. పౌరసత్వం తీసుకుంటే వస్తుంది. టర్కీలో పుట్టి చిన్నప్పుడు ఇక్కడికి వచ్చిన ముహ్‌తెరెం ఆరస్ 2011లో స్టుట్‌గార్ట్ 1 నియోజకవర్గాన్ని గ్రీన్స్ తరఫున నేరుగా గెలిచారు. 2016లో లాండ్‌టాగ్ స్పీకర్ అయ్యారు.

క్రెచ్‌మన్ ఎవరు?

1948లో పుట్టారు. స్కూల్లో బయాలజీ, కెమిస్ట్రీ చెప్పిన టీచర్. ఈ రాష్ట్రంలో గ్రీన్ పార్టీని స్థాపించినవాళ్లలో ఒకరు. చర్చికి వెళ్లే క్యాథలిక్. మాట నెమ్మది. సీడీయూకి అలవాటుపడిన పల్లె ఓటరుకి కూడా ఈయన మనవాడే అనిపించేలా ఉంటారు.

కరెంటు కంపెనీ షేర్ల గొడవ ఏమిటి?

2010 డిసెంబర్‌లో మాపుస్ ఈఎన్‌బీడబ్ల్యూ అనే విద్యుత్ కంపెనీలో 45 శాతం వాటాని ఫ్రాన్స్ కంపెనీ ఈడీఎఫ్ నుంచి సుమారు 4.7 బిలియన్ యూరోలకి రాష్ట్రం తరఫున కొన్నారు. అసెంబ్లీని ముందుగా అడగలేదు. అణు కేంద్రాలు నడిపే కంపెనీ అది, మూడు నెలలకే ఫుకుషిమా. అసెంబ్లీని పక్కన పెట్టి కొనడం రాజ్యాంగ విరుద్ధమని 2011 అక్టోబర్‌లో రాష్ట్ర రాజ్యాంగ కోర్టు చెప్పింది. ధర ఎక్కువ పెట్టారంటూ కొత్త ప్రభుత్వం వేసిన దావా మాత్రం 2016లో మధ్యవర్తిత్వ కోర్టులో వీగిపోయింది. రెండో సంగతి కూడా చెప్పకపోతే మాపుస్‌కి అన్యాయం చేసినట్లే.

గ్రీన్స్ గెలిచారు కదా, మరి స్టేషన్ ఎందుకు ఆగలేదు?

అందరూ అడిగే ప్రశ్న ఇది. నాకు అన్నిటికన్నా ఇష్టమైన జవాబు కూడా ఇదే.

గ్రీన్స్ స్టేషన్ వద్దన్నారు. జత కట్టిన ఎస్‌పీడీ కావాలంది. కూటమి మొదటి రోజే ఇక్కడ చీలిపోవాలి. అందుకని ఎన్నికకి ముందు నుంచీ ఎస్‌పీడీ అంటున్న మాటనే ఒప్పందంలో రాసుకున్నారు: జనాన్నే అడుగుదాం. 2011 నవంబర్ 27న రాష్ట్రమంతా రెఫరెండం జరిగింది. ప్రాజెక్టుకి డబ్బు ఇచ్చే ఒప్పందం నుంచి రాష్ట్రం తప్పుకోవాలా అన్నది ప్రశ్న. చిక్కేమిటంటే, స్టేషన్ వద్దనుకునేవాళ్లు "అవును" అని, కావాలనుకునేవాళ్లు "కాదు" అని వేయాలి. పెద్దవాళ్లు కొందరు తికమకపడ్డారు.

"కాదు" 58.9 శాతం గెలిచింది. అంటే తప్పుకోవద్దు, కట్టండి అని. నిరసనలకి గుండెకాయ లాంటి స్టుట్‌గార్ట్ నగరంలో కూడా 52.9 శాతం అలాగే వేశారు. మార్చిలో క్రెచ్‌మన్‌ని గద్దెనెక్కించిన జనమే సరిగ్గా ఎనిమిది నెలలకి ఆయన వాదాన్ని ఓడించారు.

ఆయన ఒప్పుకున్నారు. సాకులు చెప్పలేదు, ప్రశ్న తికమకగా ఉందని తప్పించుకోలేదు. తనతో కలిసి ఏళ్ల తరబడి ఊరేగింపుల్లో నడిచినవాళ్లు ద్రోహమన్నారు. వాళ్ల బాధ నాకు అర్థమవుతుంది. కొట్టేసిన చెట్లు తిరిగి రావు, ఆ ఇంజనీరు కళ్లు తిరిగి రావు. కానీ మా మాట వినండని గొంతు చించుకుని గెలిచినవాళ్లు, గెలిచాక జనం మాట వినకపోతే ఇంకేం మిగులుతుంది? స్టేషన్‌ని వ్యతిరేకించిన విన్‌ఫ్రీడ్ హెర్మన్ రవాణా మంత్రిగా, ఏళ్ల తరబడి అదే స్టేషన్ పనులకి సంబంధించిన ఫైళ్లు చూస్తూ వచ్చారు.

కొత్త ప్రభుత్వం వల్ల ఇంకేం మారాయి? మన విద్యార్థులకేమైనా తేడా వచ్చిందా?

వచ్చింది, రెండుసార్లు. 2007 నుంచి సెమిస్టర్‌కి 500 యూరోల ఫీజు ఉండేది. దాన్ని 2012 వేసవి సెమిస్టర్ నుంచి ఎత్తేశారు. భారత్ నుంచి వచ్చినవాళ్లకి కూడా చదువు ఉచితమైంది. కానీ 2017 శీతాకాలం సెమిస్టర్ నుంచి యూరోపియన్ యూనియన్ బయటి విద్యార్థులకి సెమిస్టర్‌కి 1500 యూరోలు పెట్టారు. అప్పుడూ గ్రీన్స్ ప్రభుత్వమే, ఉన్నత విద్యా మంత్రి కూడా పాత ఫీజు ఎత్తేసినప్పటి తెరేసియా బావరే. ఇది నాకు ఇప్పటికీ మింగుడుపడదు. ఇంటి దగ్గర పొలం మీద లోన్ తీసుకుని వచ్చే పిల్లల్ని చూస్తున్నాను కాబట్టి చెబుతున్నాను. ఎమ్మెస్‌కి అప్లై చేసేవాళ్లు ఈ రాష్ట్రంలోని ప్రభుత్వ యూనివర్సిటీలు పెట్టుకుంటే నాలుగు సెమిస్టర్లకి 6000 యూరోలు అదనంగా లెక్క వేసుకోండి. మినహాయింపులు కొన్ని ఉన్నాయి, ముందే అడగండి.

ఇవి కాక, అయిదో తరగతికి ఏ రకం స్కూల్లో చేరాలో ప్రైమరీ టీచరు చెప్పిందే వేదమన్న నిబంధన తీసేశారు. 2014లో బ్లాక్ ఫారెస్ట్‌లో జాతీయ పార్కు వచ్చింది. అణు విద్యుత్ సంగతి కేంద్రంలో తేలింది. దేశంలో చివరగా ఆగిన మూడు రియాక్టర్లలో నెకర్‌వెస్ట్‌హైమ్ 2 ఒకటి, 2023 ఏప్రిల్ 15న ఆగింది.

తర్వాతి ఎన్నికల్లో సీడీయూ మళ్లీ రాలేదా?

వచ్చింది, కానీ చిన్న భాగస్వామిగా. 2016లో గ్రీన్స్‌కి 30.3 శాతం వచ్చి మొదటి స్థానం, సీడీయూకి 27. ఎస్‌పీడీ 12.7కి పడిపోవడంతో పాత కూటమికి మెజారిటీ చాలలేదు. దాంతో 58 ఏళ్లు ఏలిన పార్టీ గ్రీన్స్ ముఖ్యమంత్రి కింద మంత్రులుగా చేరింది. 2011 ఓటమి తర్వాత సీడీయూ రాష్ట్ర పగ్గాలు పట్టిన థోమాస్ స్ట్రోబల్‌ ఉప ముఖ్యమంత్రి అయ్యారు. 2021లో గ్రీన్స్ 32.6, సీడీయూ 24.1, మళ్లీ అదే జోడీ. 2026లో పోటీ చేయనని క్రెచ్‌మన్ ముందే చెప్పేశారు.

ఇంతకీ ఆ స్టేషన్ పూర్తయిందా?

2019లో తెరుస్తామన్నారు. తేదీ ఎన్నోసార్లు వెనక్కి జరిగింది. 2009 ఒప్పందంలో 4.5 బిలియన్ యూరోలు గరిష్ఠం అనుకున్న ఖర్చు 11 బిలియన్లు దాటింది. ఆ పెరిగిన డబ్బు ఎవరు కట్టాలన్న తగాదా కోర్టుకెక్కింది.

మా అమ్మ మొదటిసారి వచ్చినప్పుడు ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి రైల్లో ఇక్కడ దిగింది. ప్లాట్‌ఫాం నుంచి ఊళ్లోకి వెళ్లాలంటే తవ్విన గుంత చుట్టూ వేసిన పొడుగాటి దారమ్మట నడవాలి. ఆవకాయ జాడీ ఉన్న సూట్‌కేసు లాక్కుంటూ, సగం దూరంలో ఆగి, కంచె సందుల్లోంచి కిందికి చూసింది. తెల్లటి కాంక్రీటు స్తంభాలు గొడుగుల్లా విచ్చుకుని ఉన్నాయి. "ఇంత బాగుందే, దీనికా అంత గొడవ?" అంది. నేను పార్కు వైపు చూపించాను. చెట్లుండాల్సిన చోట క్రేన్లున్నాయి. అమ్మ కాసేపు రెండు వైపులా చూసి, సూట్‌కేసు చేయి మార్చుకుని నడిచింది.